నట్టు మీద సుద్దగీత

పొద్దున లేచినవాడు ముందు మొహం కడుక్కుంటాడు. ఈ దర్జీ మాత్రం లేవగానే వసారాలోకి వెళ్లి, కూతురి మోటారు సైకిల్ ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చునేవాడు. వీధిలో పోయేవాళ్లు చూసి, "బండి తుడిచి పెడుతున్నాడు, కూతురంటే ఎంత ప్రేమో!" అనుకునేవారు. మనం చాలా ఇళ్లను ఇలాగే వీధిలోంచి చూసి మెచ్చుకుంటాం.

అతను తుడవడం లేదు. ముందు బ్రేకు వైరు చివర ఉండే నట్టును చూస్తున్నాడు. నిన్న సాయంత్రం ఆ నట్టును తనే రెండు చుట్లు వదులు చేశాడు. చేసి, గుడ్డ మీద గీసే నీలం సుద్దతో నట్టు మీద నుంచి పక్కనున్న ఇనపముక్క దాకా సన్నగా ఒక గీత గీశాడు. ఇప్పుడు ఆ గీత రెండు ముక్కలై ఉంది. ఎవరో నట్టు తిప్పారు. మళ్లీ బిగించారు.

"ఇది మూడోసారి," అన్నాడు పళ్లు నూరుతూ.

పన్నెండేళ్ల కింద అతను ఇసుక మీద ముందు బ్రేకును నాలుగు వేళ్లతో గుంజి పట్టి, బండి మీద నుంచి ఎగిరి పడ్డాడు. భుజం ఎముక విరిగింది. ఆ రోజు నుంచి అతనికి ఒకటే వేదం: ముందు బ్రేకు చంపుతుంది, కాలి బ్రేకు కాపాడుతుంది. కుట్టుమిషను తొక్కి బతికినవాడు కాలినే నమ్మడంలో వింత లేదు. కూతురు ఇంటింటికీ తిరిగి రక్తం శాంపిళ్లు ల్యాబుకు చేర్చే ఉద్యోగంలో చేరి బండి కొనుక్కుంటే, కూర్చోబెట్టి ఒక్క మాట చెప్పలేదు. గుట్టుచప్పుడు కాకుండా నట్టు వదులు చేశాడు. బ్రేకూ పడదు, పిల్లా పడదు. అదీ అతని తెలివి.

మరి బిగిస్తున్నది ఎవరు? అనుమానం మొదట ఎదురింటివాడి మీదకు పోయి, అక్కడ నిలవక, వీధి చివరి మెకానిక్ మీద వాలింది. బండ్లు పడితేనే కదా వాడి షెడ్డు నిండేది! పైగా ఈమధ్య వాడు తనను చూసి ఊరికే నవ్వుతున్నాడు. పని లేకుండా మనిషి నవ్వుతాడా?

భార్యతో చెబితే ఆమె మూతి తిప్పింది. "మీ అనుమానం పాడుగాను! పెళ్లయిన కొత్తలో నా చెప్పులకూ సుద్దగీతలు గీసే ఉంటారు."

"నీకు నవ్వులాటగా ఉంది. అయినా నువ్వేమన్నా ముట్టుకున్నావా ఆ నట్టు?"

"ముట్టుకుంటే ఏం, చేయి కోసేస్తారా? మిషను నూనెకే నా చీరలు పాడు, ఇంకా బండి గ్రీజు కూడానా!"

ఆమె కాదని తేలింది. అయినా ఆ రోజంతా ఆమె చేతివేళ్లకేసి రెండుసార్లు చూశాడు.

మర్నాడు కూతురు హెల్మెట్ పెట్టుకుని, బండి దాకా వచ్చి, మంచినీళ్ల సీసా మరిచి లోపలికి పోయింది. అంతలో దర్జీ వంగి చూస్తే, ముందురోజు సాయంత్రం మళ్లీ వదులు చేసి గీసిన గీత చెదిరి ఉంది. దర్జీకి ఒళ్లు మండింది. ఈసారి అక్కడికక్కడే నాలుగు చుట్లు వదులు చేశాడు. "బిగించమను, ఎవడొస్తాడో చూస్తా!" కూతురు వచ్చింది, "వెళ్లొస్తా నాన్నా" అంది, బండి ఎక్కి పోయింది.

పదింటికి ఫోను వచ్చింది. దిగుడు రోడ్డులో ఆగి ఉన్న కారు తలుపు ఒక్కసారిగా తెరుచుకుందట. కాలి బ్రేకు ఒక్కటే పట్టుకుంది. వెనక చక్రం జారింది. పిల్ల బండిని పక్కనున్న కంకరకుప్ప మీదకు తోలింది. మణికట్టు ఎముక చిట్లింది.

దర్జీ పరుగెత్తాడు. కట్టు కట్టించుకున్న కూతురు మెకానిక్ షెడ్డులో బల్ల మీద కూర్చుని ఉంది. చూసీ చూడగానే అతను మెకానిక్ చొక్కా పట్టుకున్నాడు.

"నా పిల్లను చంపుదామనుకున్నావా? దొంగచాటుగా ముందు బ్రేకు బిగించింది నువ్వే కదరా!"

జనం మూగారు. "ఈ మెకానిక్కులంతా ఇంతే" అన్నాడొకడు, విషయం తెలియకుండానే.

"చొక్కా వదలండి మేస్త్రీ," అన్నాడు మెకానిక్ మెల్లగా. "బిగించి ఉంటే బండి ఆగేది. ఎవరో పూర్తిగా వదులు చేశారు. లివర్ నొక్కితే పిడికి తగులుతోంది చూడండి."

"బిగించేది నేనే నాన్నా," అంది కూతురు. "రోజూ నువ్వు లేవకముందే బిగించుకుంటాను. ఈ పొద్దున బిగించింది మర్నాటి పొద్దుటికి వదులైపోతోంది. ఈయన నాసిరకం వైరు వేశాడేమోనని నాలుగు రోజుల నుంచి లోలోపల తిట్టుకుంటున్నాను."

మెకానిక్ మొహం చిన్నబోయింది. "నన్ను ఒక్క మాట అడిగి ఉండాల్సిందమ్మా." వంగి నట్టును వేలితో తుడిచి చూపించాడు. వేలు నీలంగా ఉంది. "ఈ సుద్ద ఎవరిది?"

దర్జీ తెలియదంటే సరిపోయేది. తప్పు మెకానిక్ నెత్తిన పడేది, జనం ఎలాగూ తయారుగా ఉన్నారు. దర్జీ కూతురి చేతికట్టు కేసి చూశాడు.

"నాదే," అన్నాడు. "వదులు చేసిందీ నేనే. నాలాగా పడకూడదని..."

కూతురు బల్ల మీద నుంచి లేచి, "ఎక్కు నాన్నా బండి," అంది.

మెకానిక్ నట్టు సరిగ్గా బిగించాడు. దర్జీ ఆగి ఉన్న బండి ఎక్కి లివర్‌ను నాలుగు వేళ్లతో, పీక నులిమినట్టు పట్టాడు.

"పట్టుజాకెట్టు కుట్టేటప్పుడు గుడ్డను ఇలాగే గుంజుతావా?" అంది కూతురు.

"పిచ్చిదానా, పోగులు లేచిపోవూ? రెండు వేళ్లు ఆనించి..." మాట సగంలో ఆగిపోయింది.

"అంతే. చూపుడువేలు, మధ్యవేలు లివర్ మీద. మిగతా వేళ్లు పిడి మీదే ఉండాలి. ముందు మెల్లగా ఆనించు, బరువు ముందు చక్రం మీదకు వస్తుంది. అప్పుడు గట్టిగా నొక్కు. ఇసుక మీద, వంపులో మాత్రం గుంజకు. ఆ రోజు నిన్ను పడేసింది బ్రేకు కాదు, నీ గుప్పిట."

మెకానిక్ బండిని ముందుకు తోశాడు. దర్జీ రెండు వేళ్లు ఆనించాడు. బండి తలవంచి, నెమ్మదిగా ఆగింది. మళ్లీ తోయమన్నాడు. మూడోసారికి దర్జీ కళ్లు చెమర్చాయి. దిగి మెకానిక్ ముందు చేతులు జోడించబోతే అతను ఆపేశాడు.

"దండాలు నాకెందుకు మేస్త్రీ? మనం భయపడ్డ ప్రతిదాన్నీ పిల్లల బతుకులోంచి దొంగచాటుగా ఊడదీసి, దానికి ప్రేమని పేరు పెడుతున్నాం. మన పిల్లలు పడకూడదనుకుంటే వాళ్ల చేతిలో బ్రేకు తీసేయడం కాదు, పట్టడం నేర్పాలి. మనకే రాకపోతే, సిగ్గుపడకుండా వాళ్ల దగ్గరే నేర్చుకోవాలి."