గాలికి పడ్డ తలుపు

"ఆ పిడి వదులైపోయింది, కాస్త బిగించు. కుట్టు మిషను మరలు బిగించే చేతులేగా నీవి," అన్నాడు మొగుడు, పేపర్లోంచి తల ఎత్తకుండానే.

మాట ఆయనదైనా అవసరం అత్తగారిది. పడకగది తలుపుకి ఆ గుండ్రటి పిడిని బిగించింది ఆయనే. వడ్రంగిని పిలవడం దండగన్నాడు, తీరా తిరగేసి బిగించాడు. గడియ వేసే బొత్తాం లోపల ఉండాల్సింది హాల్లోకొచ్చింది. "తిరగబడిందేమోనండీ," అని పెళ్ళాం అంటే, "తెలిసే పెట్టా," అన్నాడు. అది నొక్కితే గదిలో ఉన్నవాళ్ళు బయటికి రాలేరు. ఆ బొత్తాం పక్కనే అత్తగారి కుర్చీ. ఇంకేముంది, కోతికి కొబ్బరిచిప్ప దొరికింది. కోడలు ఎదురు చెబితే ఒక నొక్కు, చుట్టాల ముందు మాసిన బట్టల్లో కనబడుతుందనుకుంటే ఒక నొక్కు. గంట పోయాక తీసి, "గాలికి పడిందే అమ్మాయ్!" అని కిసుక్కున నవ్వేది.

కిందటి నెల కోడలి తల్లి రెండు బస్సులు మారి వచ్చింది. గదిలో మిషను కుడుతున్న ఆమె ఆ గొంతు విని లేచేసరికి, టక్! "మీ అమ్మాయి బజారుకెళ్ళింది వదినగారూ!" అని అరిచి చెబుతోంది అత్తగారు. అరిచి చెప్పాలి మరి, తల్లికి చెవుడు. కూతురు అరచేతులు కమిలేలా తలుపు బాదినా ఆవిడకి వినబడలేదు. కాసేపటికి కిటికీ ఊచల్లోంచి తల్లి వీపు కనబడింది, చేతిలో సంచీ, అరిగిన చెప్పులు. "అమ్మా!" అంది. ఆ వీపు వెనక్కి తిరగలేదు.

"ఒక్క పూట చూసుకోకపోతే కొంపలేం మునిగిపోవులే," అంది అత్తగారు. సాయంత్రం ఆ ముచ్చట విని మొగుడు పగలబడి నవ్వాడు. "చెవిటిదాని ముందు శంఖం ఊదావన్నమాట!"

నాలుగు రోజులుగా నొక్కినా గడియ నిలవడం లేదు. ఆ నాలుగు రోజులే ఆమె తలుపుకేసి చూడకుండా కుట్టుకుంది. ఇప్పుడు తన బోనుకి తనే మర బిగించాలి. మిషను సొరుగులోని చిన్న స్క్రూడ్రైవర్ తెచ్చి పిడి ఊడదీసింది. తిప్పి సవ్యంగా పెట్టడం పది నిమిషాల పని. పెడితే రేపు ఈయన మళ్ళీ తిరగేస్తాడు. పిడిని ఒళ్ళో పెట్టుకుని కాసేపు కూర్చుంది. తర్వాత ఎలా ఉన్నదాన్ని అలాగే, పళ్ళ బిగువున బిగించింది. మరా బయటే, బొత్తామూ బయటే.

"ఆడదాని పని, నమ్మకూడదు. లోపల్నుంచి లాగి చూస్తా," అంటూ మొగుడు గదిలోకెళ్ళాడు. వేడుక చూడ్డానికి అత్తగారూ వెనకే దూరింది. "ఊఁ, నొక్కు!"

నొక్కింది.

లోపల పిడి రెండుసార్లు గిలగిల్లాడింది. "భేష్! ఉడుంపట్టు! ఇక తియ్యి."

ఆమె చెప్పులు వేసుకుంది.

"ఏమే, తియ్యవే!"

"గాలికి పడిందండీ," అంది. "మా అమ్మని చూసొస్తా. ఒక్క పూటకి కొంపలేం మునిగిపోవు."

స్క్రూడ్రైవర్‌ని సంచిలో వేసుకుని గుమ్మం దిగింది. వెనక తలుపు దబదబా మోగుతోంది. వీధి మలుపు తిరిగేసరికి ఆమెకి అచ్చం తల్లి చెవులే వచ్చేశాయి.