తిబుర్సియా ఇవ్వని మాట

నుదుటికి పట్టీ, దానికి వేలాడుతూ వీపున తడిసిన కట్టెల మోపు. పొద్దున తిన్న ఒక్క మొక్కజొన్న రొట్టె ఎప్పుడో అరిగిపోయింది. వంగి వాలు ఎక్కుతున్న తిబుర్సియాకు నికొలాస్ ఎదురొచ్చి దారి కట్టాడు.

"అత్తా, నాన్న ప్రాణం పోవట్లేదు. కొట్టుకుంటున్నాడు. ఊరంతా వచ్చి మన్నించామని చెప్పి వెళ్లారు. నువ్వొక్కదానివే మిగిలావు."

"కొట్టుకోనీ. మా ఆయన్ని పంపడానికి మీ నాన్న ఇంతసేపు తీసుకోలేదులే."

ఇషీల్ కొండల్లో పద్ధతి అది. పోయేవాడు అందరినీ క్షమాపణ అడగాలి, అందరూ నోరారా ఆ మాట అనాలి. ఒక్కరు అనకపోయినా ప్రాణం గుమ్మం దాటదు.

నలభై ఏళ్ల కిందట సైన్యం తుపాకీ ఇచ్చి నికొలాస్ తండ్రి బాల్తజార్‌ను ఊరి కాపలాకు పెద్దను చేసింది. ఎవరిని పట్టుకోవాలో సైన్యానికి ఇళ్లు చూపించింది అతనే. చేతులు వెనక్కి కట్టి తీసుకెళ్లిన మగవాళ్లలో తిబుర్సియా మొగుడు మెల్చోర్ ఒకడు. తర్వాత శాంతి వచ్చిందన్నారు. ఊరి నడుమ రాతి పలక పాతారు, "అన్నదమ్ముల పోరులో అసువులు బాసిన వారికి" అని. పోరట! కట్టేసిన చేతులతో ఎవడు పోరాడతాడు? ఆ పలక మీది గుడ్డ తీసింది కూడా బాల్తజారే. బళ్లో ఆ ఏడాది ఊసే ఉండదు. ఊరు బెల్లం కొట్టిన రాయిలా ఉండిపోయింది.

ఏటా చనిపోయినవాళ్ల పండక్కి అందరూ సమాధుల మీద బంతిపూలు చల్లుతారు. తిబుర్సియా నాలుగు దారులు కలిసేచోట చల్లి వచ్చేది. మొగుణ్ణి ఎక్కడ పూడ్చారో తెలిస్తే కదా!

ఇప్పుడైనా అది అడుగుదామని మోపు బాల్తజార్ గుమ్మంలో పడేసి లోపలికి వెళ్లింది. దుప్పటి కింద ఎముకల గూడులా ఉన్నాడు. ఆమెకు జాలి కలగలేదు. కడుపు చల్లబడింది.

"తిబుర్సియా... ఒక్క మాట అను..."

"అంటాను. ముందు మెల్చోర్ ఎక్కడున్నాడో చెప్పు."

మంచం పక్కనున్న పాస్టరు గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, దేవుడే మరిచిపోయాడు. పాతవన్నీ నీకెందుకు?"

"దేవుడికి మొగుడు పోలేదు కదయ్యా."

ముసలాడి పెదవులు కదిలాయి. నికొలాస్ గబుక్కున అడ్డొచ్చాడు.

"ఊరుకో నాన్నా! కాఫీ కాపు మీదుంది. ఇప్పుడు తవ్వకాలంటే కింది మడి అంతా నాశనం!"

అన్నాక గాని ఏమన్నాడో అతనికి తెలియలేదు. పాస్టరు తల దించుకున్నాడు.

తిబుర్సియా కిటికీలోంచి బయటికి చూసింది. ఇల్లానుకునే ఉంది కింది మడి. ఏటా కూలికి వచ్చి ఆ కాఫీ పళ్లు కోసింది తనే. ఎండ వేళ ఆ చెట్ల నీడనే కూర్చుని రొట్టె తింది. మెల్చోర్ మీద కూర్చుని తింది.

"తెలిసిందిగా... ఇప్పుడైనా అను..." ముసలాడు చెయ్యి చాపాడు.

"అనను. నువ్వు చావకూడదు, బాల్తజారూ. నేను తవ్వి తీసేదాకా కళ్లు తెరుచుకుని ఇక్కడే పడుండు. ఒక్కొక్క ఎముకా తెచ్చి నీకు చూపిస్తాను."

గోడకు ఆనించిన గునపం అందుకుంది. నికొలాస్ దాన్ని పట్టుకున్నాడు.

"అత్తా, వద్దు. పోలీసుల్ని పిలుస్తాను."

"పిలువు. వాళ్ల ముందు ఇందాకటి మాట ఇంకోసారి చెబుదువుగాని."

అతని పట్టు సడలింది. ఆమె పళ్ల బరువుకు వంగిన కొమ్మల్ని తోసుకుంటూ కింది మడిలోకి దిగింది.

మొదటి పోటు వేసేసరికి కిటికీలోంచి ముసలాడి మూలుగు వినబడింది. ఇంకా బతికే ఉన్నాడు. ఆమె రెండో పోటు వేసింది.