బోరింగు నీళ్ళ కల్లు

అన్సోమా కుండ మీది నురుగు తీసి పక్క బానలో వేసింది. మొలకెత్తిన ఎర్రజొన్నలను దంచి, నిన్న పొద్దంతా కాచి, రాత్రి పులియబెట్టిన కల్లు అది. సంతరోజు కాబట్టి తాగేవాళ్ళు పెందలాడే వస్తారు.

కాపురానికి వచ్చినప్పటినుంచి ఆమె పని ఇదే. కల్లుకు నీళ్ళు చాలా కావాలి. ఎండాకాలం వాగులో చెలమ తవ్వి, నీరు ఊరేదాకా కూర్చుని, కడవ నెత్తిన పెట్టుకుని గట్టెక్కేది. వాగు నీళ్ళు తాగే నారికురుపు వచ్చింది. పిక్క మీద మచ్చ ఉంది. కిందటేడు ఊళ్ళో బోరింగు వేశారు. పిల్లలకు విరేచనాలు తగ్గాయి. మధ్యాహ్నం కునుకు తీయడమంటే ఏమిటో ఆమెకు తెలిసింది.

చనిపోయిన పెద్దలకు పోసే కల్లు మాత్రం వాగు నీళ్ళతోనే కాయాలన్నది ఇంటిపెద్ద జియెం మాట. ఆయన ఆమె మామగారికి అన్న. ఈసారి మోకాళ్ళ నొప్పితో ఆమె వాగుకు వెళ్ళలేక బోరింగు నీళ్ళతోనే కాచింది. ఇది పెద్దలకు పోయనని ఆయన అంటే మళ్ళీ చెలమే గతి.

జియెం కర్ర పొడుచుకుంటూ వచ్చి గోడ నీడన కూర్చున్నాడు.

"మామా, ఇది బోరింగు నీళ్ళది. దాచిపెట్టి పోయించను."

"మా అయ్య ఇనప గొట్టం మొహం చూసి ఎరగడే. ఇవెక్కడి నీళ్ళురా అంటే ఏం చెప్పను?"

"కోడలి మోకాళ్ళు అరిగిపోయాయని చెప్పు."

"నీ మోకాళ్ళు ఆయనకెందుకు? బతికున్నన్నాళ్ళూ కల్లు సంగతి తప్ప ఇంకోటి అడగలేదు."

కాచినవాళ్ళే ముందు తాగాలి. ఆమె ఎండు సొరకాయ డిప్ప ముంచి ఒక గుక్క తాగి అందించింది. ఆయన నోట్లో పోసుకుని చాలాసేపు మింగలేదు.

"బురద వాసన లేదు."

"కావాలంటే కాస్త కలుపుతా."

"నోరు పెద్దదే నీకు," అంటూ ఆయన నవ్వాడు. తన కాలి మీది నారికురుపు మచ్చను వేలితో రుద్దుకున్నాడు. తర్వాత లోపలికి వెళ్ళాడు. తండ్రి పేరున చెక్కి గోడకు ఆనించిన కొయ్య మొదట్లో కల్లు పోశాడు. గడప దగ్గర నిలబడిన అన్సోమాకు మాటలు వినిపించాయి.

"అయ్యా, గొట్టంలోంచి వచ్చినా ఇవి మన నేల నీళ్ళే. రుచి తేడాగా ఉంటే నన్నడుగు. పిల్లనేమీ అనకు."

బయటికి వచ్చి తనకోసం ఒక డిప్ప నిండా పోయించుకున్నాడు. జనం వచ్చారు. అన్సోమా ముంచి పోస్తూనే ఉంది. వాగుకు ఇక వెళ్ళక్కర్లేదన్న సంగతి మధ్యమధ్య గుర్తొచ్చి నవ్వుకుంది.

ఎండ నడినెత్తికి వచ్చాక, జియెంకు ఇంకాస్త కల్లు పోయాలని గోడ దగ్గరికి వెళ్ళింది. ఆయన తల వాల్చి ఉన్నాడు. పిలిచింది, చెయ్యి పట్టుకుంది. చెయ్యి చల్లగా ఉంది.

బల్లల మీద తాగుతున్నవాళ్ళు లేచి వచ్చారు. ఒకామె డిప్ప కింద పెట్టి కుండవైపు చూసింది. బోరింగు నీళ్ళు పోసినందుకే పెద్దలు తీసుకుపోయారన్న ఆ చూపు అన్సోమాకు అర్థమైంది.

జియెం తమ్ముడు, ఆమె మామగారు కుయిరె వచ్చాడు. ఇకనుంచి ఇంటిపెద్ద అతనే. అన్న కనురెప్పలు చేత్తో మూశాడు. పక్కనే కూర్చున్నాడు. కొయ్య దగ్గర జియెం అన్న మాటలు అన్సోమా అతనికి చెప్పింది.

"తేడాగా ఉంటే నన్నడుగు అన్నాడంటగా. అయ్యకు జవాబు చెప్పడానికే వెళ్ళాడు," అన్నాడు. "చావుకు జనం వస్తారు. కల్లు కాయి."

"నీళ్ళు?"

"బోరింగు ఉంది కదమ్మా."

జియెం మోకాలి పక్కన సొరడిప్ప ఉంది. చీమ ఒకటి అంచు మీద తిరిగి, లోపలికి దిగి, ఏమీ దొరక్క పైకి వచ్చింది.