లైట్ అన్న మాట

ఉదయం ఏడింటికల్లా లారీ వచ్చి ఆ ఇంటి మెట్ల ముందు ఆగింది. మరిది దూకి వెనక తలుపు గడి తీశాడు. క్రేను అని అందరూ పిలిచే కుర్రాడు తాళ్లూ పాత దుప్పట్లూ భుజాన వేసుకుని ఒళ్లు విరుచుకున్నాడు. స్టీరింగు దగ్గర బాబాయి ఇంజను ఆపి, మోకాళ్లు రుద్దుకుంటూ అక్కడే కూర్చున్నాడు. మేస్త్రి అందరికంటే చివర దిగి, చెప్పులు విప్పి బూట్లు తొడుక్కుని, జుట్టు గట్టిగా ముడేసుకుని పైకి చూసింది. మూడంతస్తులు. మెట్లు ఇరుకు.

ఒక ఇంట్లోంచి సామాను తీసి ఇంకో ఇంట్లో పెట్టడమే వాళ్ల పని. మేస్త్రికి ముప్ఫై తొమ్మిదేళ్లు. నాన్న పోయినప్పటి నుంచీ ఈ పని ఆమెదే. మరిది భర్తకి తమ్ముడు. క్రేనుకి ఆ పేరు ఎందుకొచ్చిందో అతన్ని చూసినవాళ్లెవరూ అడగరు. బాబాయి మాత్రం నాన్నకి సొంత తమ్ముడు. ముప్ఫై ఏళ్లుగా లారీ తోలుతూ, వచ్చిన సామాన్నంతా లోపల పేర్చేది ఆయనే. మోకాళ్లు అరిగిపోయి పన్నెండేళ్లుగా ఏ ఇంటి మెట్లూ ఎక్కలేదు.

వంటింట్లో క్రేను ఫ్రిజ్‌ని ఒకసారి కౌగిలించుకుని చూసి వదిలేశాడు.

"ఇది నా వల్ల కాదక్కా."

ఇంటాయన గొంతు సవరించుకున్నాడు. "మీ దగ్గర మాట ఉందన్నారు?"

"ఉంది. మీరు కాయితం మీద సంతకం పెట్టారా?"

పెట్టాడాయన. 'మాట అన్నాక వస్తువు బరువు తగ్గకపోయినా, రంగు వెలిసినా, వెలుతురు వచ్చినా మా పూచీ లేదు' అని ఆ కాయితంలో అడుగున ఉంటుంది. మేస్త్రి ఫ్రిజ్ తలుపు మీద అరచెయ్యి ఆనించి, "లైట్" అంది. మరిది దాన్ని చంకలో పెట్టుకుని, రెండో చేత్తో ఫోను చూసుకుంటూ దిగిపోయాడు.

"ఎన్నాళ్లుంటుంది?" అన్నాడు ఇంటాయన.

"సాయంత్రం దాకా. రాత్రికి అది ఎక్కడుండాలో అక్కడుంటే సరి, మళ్లీ కదలదు."

మాట నాన్నది. ఓడల దగ్గర పెట్టెలు మోసే రోజుల్లో ఆయనకి దొరికింది. పెట్టెల మీద రాసున్న అక్షరాలు ఆయనకి చదవడం రాదు. పక్కవాణ్ణి అడిగితే చదివి వినిపించాడు. విన్నది విన్నట్టు అన్నాడు, పెట్టె లేచింది. ఆ తర్వాత కూతురికి నేర్పాడు. చిక్కంతా ఎక్కడంటే, ఆ మాటకి అర్థాలు ఎక్కువ. మనకి కావలసిన అర్థమే రావాలని లేదు. ఒకసారి ఒక బీరువాని "లైట్" అంటే అది భగ్గున వెలిగి కూర్చుంది. క్రేనూ మరిదీ కళ్లు మూసుకుని నాలుగంతస్తులు దింపారు. ఇంకోసారి ముదురు ఎరుపు సోఫా లేత గులాబీ రంగుకి దిగిపోయింది. ఆ ఇంటావిడ అటు తిరిగి ఇటు తిరిగి చూసి, కర్టెన్లకి ఇదే నప్పిందంది. ఒక పరుపు మీద అంటే ఏమీ కానట్టే అనిపించింది గానీ, దాని మీద పడుకున్నవాళ్లకి చీమ నడిచినా మెలకువ వచ్చేదట. వారం తర్వాత ఫోన్ చేసి మరీ తిట్టారు. సామాను విషయంలో ఇవన్నీ సర్దుకుపోవచ్చు.

మనుషుల విషయంలోనే సర్దుకోవడం కుదరదు. అది మేస్త్రి ఇంట్లో అందరికీ తెలుసు.

ముగ్గురన్నదమ్ముల్లో పెద్దాయన, మేస్త్రికి పెదనాన్న, భార్య పోయిన దుఃఖంలో తిండి మానేశాడు. తొమ్మిదో రోజు నాన్న చూడలేక, వెనకనుంచి వెళ్లి అన్న భుజం మీద చెయ్యేసి ఆ మాట అనేశాడు. పెదనాన్న లేచాడు. మొహం కడుక్కున్నాడు. రెండుసార్లు వడ్డించుకుని తిన్నాడు. అందరి ప్రాణాలూ లేచొచ్చాయి. వారం తిరక్కుండా ఉద్యోగం మానేశాడు. కూతురికి జ్వరమొస్తే "తగ్గుతుందిలే" అన్నాడు. ఇంటి కప్పు కారితే కుర్చీ పక్కకి జరుపుకున్నాడు. ఆ కూతురు విసిగిపోయి సంచీ సర్దుకుని ఏడుస్తూ వెళ్లిపోతుంటే, అరుగు మీంచి నవ్వుతూ చెయ్యి ఊపాడు. పదకొండేళ్లు అలాగే హాయిగా బతికాడు. అన్నీ లైట్ తీసుకున్నాడు. నాన్న మాత్రం ఆ పదకొండేళ్లూ సరిగ్గా నిద్రపోలేదు. "మనుషుల మీద అనకమ్మా," అని మేస్త్రి చేత ఒట్టేయించుకున్నంత పని చేసి పోయాడు.

ఆ రోజు ఫ్రిజ్ దింపి, సామానంతా ఎక్కించి బయల్దేరేసరికి పదకొండైంది. రెండో మలుపులో సైకిలు మీద ఒక అమ్మాయి పక్కనుంచి వచ్చింది. బాబాయి తిప్పుతూనే ఉన్నాడు. మేస్త్రి చెయ్యి చాచి హ్యాండ్ బ్రేకు లాగేసింది. లారీ గుద్దినట్టు ఆగింది. వెనక గిన్నెలన్నీ ఒకేసారి మోగాయి. ఆ అమ్మాయి సైకిలు దిగి, మొహం తెల్లబోయి, వాళ్లని చూసి, మళ్లీ ఎక్కి వెళ్లిపోయింది.

"కనపడలేదా?"

"కనపడింది."

"బాబాయ్."

ఆయన స్టీరింగు మీంచి చేతులు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "లేదు."

"ఎన్నాళ్లనుంచి?"

"ఆర్నెల్లు. నీటికాసులట. పోయిన చూపు పోయినట్టేనట, ఉన్నదాన్ని కాపాడుకోమన్నాడు డాక్టరు. చుక్కల మందిచ్చాడు. ఎదురుగా బాగానే ఉంటుందమ్మాయ్. గొట్టంలోంచి చూసినట్టు. పక్కలే ఉండవు."

"మరి ఇన్నాళ్లూ ఎలా తోలావు?"

"నువ్వు పక్కన కూర్చుంటావుగా. ఏదైనా దగ్గరికొస్తే ఊపిరి బిగపడతావు. దాన్నిబట్టి."

మేస్త్రికి నవ్వూ కోపమూ ఒకేసారి వచ్చాయి. కోపమే గెలిచింది. తాళంచెవి తీసుకుంది. పందొమ్మిదేళ్లప్పుడు తనకి లారీ నేర్పింది ఆయనే. క్లచ్చు వదలడం చేతకాక ఏడిస్తే, పక్కన కూర్చుని వేరుశెనక్కాయలు వొలుచుకు తింటూ, "ఏడ్చాక మళ్లీ స్టార్ట్ చెయ్" అన్నది ఆయనే. ఇద్దరూ దిగి, బండి ముందునుంచి ఒకరు, వెనకనుంచి ఒకరు నడిచి, సీట్లు మారారు.

కొంత దూరం పోయాక బాబాయి అన్నాడు. "నాకు అనవే ఆ మాట."

"పెదనాన్నని చూసి కూడానా?"

"కళ్లకి వెలుగు రావచ్చుగా."

"రావచ్చు. రేపణ్ణుంచి నువ్వు అరుగు మీద కూర్చుని నాకు చెయ్యి ఊపనూవచ్చు. నా వల్ల కాదు బాబాయ్. అడక్కు."

ఆయన అడగలేదు. మూడు వారాలు పక్క సీట్లో కూర్చుని వచ్చాడు. లారీలో సామాను పేర్చడం మాత్రం మానలేదు, దానికి చూపుతో పనిలేదు. చేతులు చాలు. కానీ మనిషి మెత్తబడిపోయాడు. దుప్పట్లు సరిగ్గా మడవలేదని మరిదిని తిట్టడం మానేశాడు. టీ చల్లారిపోయినా తాగేశాడు. ఏమడిగినా "నీ ఇష్టం" అన్నాడు. మాట అనకుండానే ఈయన పెదనాన్న అయిపోతున్నాడని మేస్త్రికి గుబులు పట్టుకుంది.

నాలుగో వారంలో ఒక పెద్దావిడ సామాను తగిలింది. టెలిఫోను ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. తుంటికి ఆపరేషన్ అయి రెండు నెలలు. కొత్త ఫ్లాటు అయిదో అంతస్తు. లిఫ్టు బాగుచెయ్యడానికి ఇంకో వారం పడుతుందన్నారు. ఆవిడని కుర్చీలో కూర్చోబెట్టి క్రేనూ మరిదీ మోశారు.

"కుర్చీని లైట్ అనరాదూ? కుర్రాళ్లు రొప్పుతున్నారు," అందావిడ.

"మీరు దాంట్లో ఉండగా అననండి."

"సరే అయితే, రొప్పనీ."

అసలు సమస్య మంచంతో వచ్చింది. ఆవిడ భర్త వడ్రంగి. పెళ్లైన కొత్తలో ఒక్క మేకు లేకుండా, ముప్ఫై నాలుగు ముక్కలు ఒకదాంట్లో ఒకటి దిగేలా చేశాడు. విప్పినప్పుడు వాటంతట అవే విడిపోయాయి. బిగించబోతే ఒక్కటీ మాట వినలేదు. రెండింటికి మొదలుపెడితే నాలుగైంది. పెద్దావిడ కుర్చీలో నిటారుగా కూర్చుని చూస్తోంది. "నేల మీద పడుకుంటే నేను మళ్లీ లేవలేను బాబూ. డాక్టరు గట్టిగా చెప్పాడు," అంది. అడిగినట్టు లేదు, ఉన్నది చెప్పినట్టే ఉంది.

మరిది చెమటలు కక్కుతూ కిందికొచ్చాడు. లారీ వెనక చెక్క మీద కూర్చున్న బాబాయి తలెత్తకుండానే అన్నాడు.

"ఎడమ కాలు కుడివైపు తోస్తున్నారు. ఇందాకణ్ణుంచీ ఆ చప్పుడే వింటున్నా. తలవైపు కాలికి కింద వేలు పట్టేంత గాడి ఉంటుంది, చూడు. అడ్డకర్ర ముందు దాంట్లో దిగాలి, నిలువుది తర్వాత."

మరిది పైకి పరిగెత్తి, పావుగంటకి మళ్లీ వచ్చాడు. "గాడీలు ఆరున్నాయి బాబాయ్ గారూ! ఏది ఏదో తెలీట్లేదు."

"అవి నా చేతుల మీదుగా వచ్చాయిరా. నాకు తెలుసు."

మేస్త్రి ఆయన పక్కన కూర్చుంది. "ఆవిడని మోసినట్టు నిన్నూ మోస్తారు. క్రేనుని పిలవనా?"

"ఇవాళ మోస్తారు. రేపో? రోజూ నన్నొక సామానులా ఎక్కించి దింపుతారా?" ఆయన గొంతు పెంచలేదు. "చూడమ్మాయ్. పెద్దన్నయ్యకి మీ నాన్న అడక్కుండా అన్నాడు. వెనకనుంచి వచ్చి అన్నాడు. ఆయనకి ఏం జరిగిందో కూడా తెలీదు. నేను అడుగుతున్నా. ఎదురుగా కూర్చుని అడుగుతున్నా. ఏ అర్థం వచ్చినా అది నాది, నీది కాదు."

"కళ్లు రాకపోతే?"

"రాకపోతే రావు. నువ్వు ఏదీ కోరుకోకు, అది మన మాట వినే మాట కాదు."

"ఏమీ పట్టనట్టు అయిపోతే?"

"అప్పుడు నాకు బాధుండదుగా. నీకుంటుంది. అందుకే నిన్ను అడుగుతున్నా."

పైనుంచి సుత్తి చప్పుడు వస్తోంది, ఆగుతోంది, మళ్లీ వస్తోంది. మేస్త్రి ఆయన రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుంది. గరుకు చేతులు, వేళ్ల కణుపుల దగ్గర తాడు కోసిన పాత గీతలు. ఫ్రిజ్‌తో, బీరువాతో అన్నంత గట్టిగా అనలేకపోయింది. నిద్రపోతున్నవాళ్లకి దుప్పటి కప్పినంత మెల్లగా అంది.

"లైట్."

ఏమీ కాలేదు. ఆయన చెంప పక్కన చెయ్యి ఆడించింది. "ఇది కనిపిస్తోందా?"

"లేదు."

"ఇటు?"

"లేదమ్మా."

ఆమె తల దించుకుంది. ఆయన లేవడానికి అలవాటుగా చెక్కని పట్టుకుని, పళ్లు బిగించి, లేచాడు. లేచి అలాగే నిలబడ్డాడు. ఒక కాలు ఎత్తి దించాడు. రెండోది ఎత్తాడు. మొదటి మెట్టు ఎక్కాడు, రెండోది ఎక్కాడు, నవ్వాడు. కమ్మీ పట్టుకుని గబగబా నవ్వుకుంటూ పోయాడు. మొదటి అంతస్తు మలుపు దగ్గర కూడా నవ్వే వినిపించింది, రెండో అంతస్తులో కూడా అదే నవ్వు.

ఆ నవ్వు మేస్త్రికి తెలుసు. పదకొండేళ్లు అరుగు మీంచి విన్న నవ్వు. ఆమె వెనకే పరిగెత్తింది. మూడో అంతస్తు చేరేసరికి ఊపిరాడలేదు. పైన నవ్వు ఆగిపోయింది. తలుపు చప్పుడైంది.

ఆ తర్వాత మెట్లన్నీ దద్దరిల్లాయి.

"ఎవడ్రా ఈ మేకు కొట్టింది? మేకు! కళ్లున్నాయా లేవా? ఆ మహానుభావుడు ఒక్క మేకు లేకుండా చేస్తే నువ్వు వచ్చి మేకు కొడతావా? తియ్! ఇప్పుడే తియ్! ఆ దుప్పటేంటి, అలాగేనా మడిచేది? మూడు వారాలనుంచి చూస్తున్నా, చచ్చినా నోరు తెరవకూడదనుకున్నా..."

మేస్త్రి మూడో అంతస్తు మెట్టు మీద కూలబడింది. పైన తిట్లు సాగుతూనే ఉన్నాయి, ఒకదాన్ని మించి ఒకటి. మరిది పుట్టుక దాకా వెళ్లాయి. ఆమె మొహం చేతుల్లో దాచుకుని ఏడ్చింది. ఏడుస్తూ ఏడుస్తూనే నవ్వింది. అటుగా దిగుతున్న ఎవరో పక్కింటాయన ఒక్క క్షణం ఆగి, మంచినీళ్లు కావాలా అని అడిగాడు.

"వద్దండీ. మా బాబాయి," అంది.

"బాగా తిడుతున్నారు," అన్నాడాయన మెచ్చుకోలుగా, దిగిపోతూ.

ఆమె పైకి వెళ్లేసరికి బాబాయి నేల మీద గొంతుక్కూర్చుని ఉన్నాడు. గొంతుక్కూర్చుని! కళ్లు మూసుకుని ఒక్కో ముక్కనీ అంచు పొడవునా తడిమి, "ఇది కాళ్లవైపు... ఇది నడుం పట్టీ..." అంటూ దించుతున్నాడు. దిగిన ప్రతిదీ తాళం పడ్డట్టు టక్కుమంటోంది. ముప్ఫై నాలుగు ముక్కలూ దిగడానికి అరగంట కూడా పట్టలేదు. పరుపు వేశారు. పెద్దావిడ మెల్లగా ఒరిగి, అటూ ఇటూ కదిలి చూసింది.

"కిర్రుమనాలే. ఎడమవైపు ఎప్పుడూ కిర్రుమనేది."

"అక్కడ ఒక కర్ర తిరగబడి ఉండేదండీ. సరిచేశా."

"నలభై ఏళ్లుగా తిరగబడే ఉందన్నమాట," అంది ఆవిడ. మంచం పట్టె నిమురుతూ, "రేపు అలమరా కూడా మా ఆయన చేసిందే వస్తుంది. మీరే రండి," అంది.

"ఆరింటికే వస్తాను." మేస్త్రి వైపు తిరిగాడు బాబాయి. "ఆరంటే ఆరు. లారీ లేటు చేశావంటే ఊరుకోను."

రంగు మారినా, మనిషి తీరు మారినా అలాగే ఉండిపోతుంది గానీ, తగ్గిన బరువు మాత్రం రాత్రితో ఫ్రిజ్‌కి తిరిగొస్తుంది. ఆయన మోకాళ్ల సంగతి ఏమవుతుందో ఎవరికీ తెలియదు, ఎవరూ ఆ ఊసెత్తలేదు. తర్వాత తెలిసింది, అడిగి తీసుకున్నవాళ్ల దగ్గర ఆ తేలిక కూడా ఉండిపోతుందని. కానీ అది ఆ సాయంత్రానికి తెలియని విషయం.

మరిదీ క్రేనూ తాళ్లు చుట్టుకుని కిందికి దిగారు. బాబాయి మాత్రం కిటికీ దగ్గరికి నడిచి, ఊచలు పట్టుకుని నిలబడ్డాడు. గాలి మొహానికి కొడుతోంది. పన్నెండేళ్లుగా కింది నుంచి చూడటమే గానీ పైనుంచి చూసింది లేదు.

"ఎదురుగా ఒక నీళ్ల ట్యాంకు కనిపిస్తోందండీ. దానికి అటు పక్క ఏముంది?" అన్నాడు.

పెద్దావిడ మంచం మీద మోచెయ్యి ఆనించి లేచి చూసింది. "మేడల మీద బట్టలు ఆరేశారు. ఒకావిడ తీస్తోంది, ఆకుపచ్చ దుప్పటి. దాని వెనక రైలు కట్ట."

"రైలు వస్తోందా?"

"ఇంకా లేదు."

"ఇటు పక్క?"

మేస్త్రి తాళంచెవి వేలికి తగిలించుకుని గుమ్మంలో నిలబడింది. వెళ్దాం బాబాయ్ అనబోయి, మానుకుంది. ఒక్కతే మెట్లు దిగి, లారీ ఎక్కి, స్టీరింగు ముందు కూర్చుంది. ఇంజను స్టార్ట్ చెయ్యలేదు.