ఐదు ముడుల కాగితం

వైనతేయ పాయలో నీరు తీసే వేళకి చిట్టెమ్మ గట్టు దిగి, గుంటలో నానుతున్న కొబ్బరి డొక్కల్ని తడిమి చూసేది. బాగా నానినవి వేలికి మెత్తగా తగిలేవి. వాటిని పైకి లాగి, బల్ల మీద పెట్టి బాది, పీచు దులిపి ఎండబెట్టి, పొద్దు వాలేదాకా తాడు పేనేది. ఏడేళ్ళప్పుడు అమ్మవారు పోసి రెండు కళ్ళూ పోయేయి. పెళ్ళయిన పదేళ్ళకి మొగుడు పోయేడు. ఇప్పుడు ఆమెకి యాభై దాటింది. ఇన్నేళ్ళలో ఒక్క పూట కూడా ఒకరింటి ముందు చెయ్యి చాచలేదు.

ఆమె చేతి పీచుకి ఒక గుణం ఉండేది. దాన్ని పురి తిప్పుతూ ఎవరేం మాట్లాడినా ఆ మాట అందులో ఉండిపోయేది. తరవాత ఆ తాడు పట్టుకున్నవాళ్ళకి వినబడేది. కోరంగి ఓడలవాళ్ళు తాడు కొనేముందు కాసేపు చేత్తో పట్టుకుని చూసుకునేవారు.

"ఇందులో మీ పక్కింటి రూతమ్మగారు మొగుణ్ణి తిడుతున్నారండీ. నడిసముద్రంలో మాకెందుకండీ ఈ గోల, వేరేది ఇవ్వండి" అనేవారు.

"ఆయ్, అణా తగ్గించి పట్టికెళ్ళండి. ఇంటి మీద బెంగ ఉండదు" అనేది చిట్టెమ్మ.

కుంఫిణీ పోయి రాణీగారి ఏలుబడి వచ్చిన నాలుగైదేళ్ళకి కాగితం డబ్బు ఈ లంకల్లోకీ వచ్చింది. ఒక వైపు అచ్చు, రెండో వైపు ఖాళీ. వెండి రూపాయి అయితే చిట్టెమ్మ రాయి మీద మోగించి మంచిదో కాదో చెప్పేసేది. కాగితం మోగదు. పదీ యాభయ్యీ ఆమె వేళ్ళకి ఒక్కటే.

తాళ్ళు కొనే షావుకారు కామరాజు దగ్గర సత్యం గుమాస్తా. తొమ్మిదేళ్ళుగా అక్కడే తిండి, అక్కడే పడక. పరాయివాళ్ళ దొడ్లో రాలిన కొబ్బరాకు కూడా ముట్టుకోని మనిషి. చిట్టెమ్మ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, చివరికి వాసన చూడటం అతను ఒకరోజు చూసేడు. ఆమె వేళ్ళకి కాగితం విలువ తెలిసే దారి వెతకడం మొదలెట్టేడు.

ముందు గంటంతో కాగితం మూలని వెనకనుంచి పొడిచి, చుక్కలు పైకి లేపేడు. చెమట చేతులు నాలుగు మారేసరికి చుక్కలు అణిగిపోయేయి. తరవాత అంచున చిన్న గాట్లు పెట్టేడు. గాటు పడ్డ కాగితం ఖజానాలో చెల్లదన్నారు. కండువాతో కళ్ళు కట్టుకుని, తనే తడిమి చూసుకునేవాడు.

"కళ్ళు కట్టుకుంటే సరా అబ్బాయ్? నీ వేళ్ళకి తొందరెక్కువ. ఎక్కడుందా అని వెతుకుతున్నాయి. నా వేళ్ళు వెతకవు, కాచుకుంటాయి" అంది చిట్టెమ్మ.

ఆ మాట మీద అతనికి దారి దొరికింది. కాగితం మూలలో సూదిమొనంత కన్నం. అందులో చిట్టెమ్మ పేనిన సన్నని పీచుదారం. పదికి ఒక ముడి, ఇరవైకి రెండు, యాభైకి ఐదు. ముడి జారకుండా చివర మళ్ళీ పురి తిప్పాలి. తిప్పుతూ సత్యం అదెంత కాగితమో పైకి చెప్పేవాడు. వీధిబడిలో పలుకుతూ రాయడం నేర్చినవాడు కాబట్టి, కంటికి కనబడ్డ అంకె నోటికి వచ్చేసేది. అలా ముడిలో లెక్కా, దారంలో అతని గొంతూ ఉండేవి. ఏడాది తిరిగేసరికి కొత్తపేట సంతలో చూపులేని వాళ్ళందరూ సత్యం కట్టిన దారం ఉంటేనే కాగితం పుచ్చుకునేవారు.

మరో ఏడాదికి చిట్టెమ్మ డొక్కలు నానబెట్టే గుంట అమ్మకానికి వచ్చింది. ఆ నేలచెక్క మంగాయమ్మ అనే ఆసామిది. "పున్నమి పొద్దుగూకేలోగా యాభై తెస్తే గుంట నీదే చిట్టెమ్మా. తేకపోతే కామరాజుగారు అడుగుతున్నారు" అంది. గుంట పోతే పీచు లేదు. పీచు లేకపోతే చెయ్యి చాచడమే. ఏడాది తాళ్ళకి చిట్టెమ్మకి కామరాజు ఇవ్వాల్సింది సరిగ్గా యాభై.

పున్నమి నాటి ఉదయం కామరాజు ఒక పది కాగితం సత్యం ముందు పెట్టేడు.

"దీనికి ఐదు ముడులు వెయ్యరా. యాభై అంటూ పురి తిప్పు."

"ఇది పదండీ."

"నాకు కళ్ళున్నాయిలే. నలుగురి ముందూ యాభై అని పుచ్చుకున్నాక, పదని తేలినా ఆవిడే మార్చిందంటారు. పొద్దుగూకితే గుంట మన చేతికొస్తుంది. ఆవిడ కడుపు మాడ్చనులే, కూలికి పెట్టుకుంటాను."

సత్యాన్ని లొంగదీసింది ఆకలి కాదు, భయమూ కాదు. పదకొండేళ్ళు ఎదురు చెప్పని అలవాటు. షావుకారు లోపలికి వెళ్ళగానే దారం గుచ్చేడు. ఒకటి, రెండు, ఐదు ముడులు వేసేడు. కాగితం మీదికి వంగి పురి తిప్పేడు. చెప్పమన్నది చెప్పేననే అనుకున్నాడు.

మంగాయమ్మ, ఇద్దరు పడవవాళ్ళు, పక్కింటి రూతు చూస్తుండగా గట్టు మీద మడిచిన కాగితం చిట్టెమ్మ చేతిలో పెట్టేడు కామరాజు. ఆమె ముడులు తడిమింది. ఐదు. మొహం విప్పారింది. అలవాటుగా దారం కొసని రెండు వేళ్ళ మధ్య పట్టుకుంది. వేళ్ళు అక్కడే ఆగిపోయేయి.

"సత్యం, ఇదెంత నాయనా?"

నిజం చెప్పడానికి దేవుడు అతనికి ఇంకో అవకాశం ఇచ్చేడు. సత్యం షావుకారు వైపు చూసేడు.

"యాభై, అత్తయ్యా."

చిట్టెమ్మ దారం కొస మంగాయమ్మ చేతికి ఇచ్చింది. మంగాయమ్మ విని, పడవవాళ్ళకి అందించింది. ఒకరి తరవాత ఒకరు పట్టుకుని విన్నారు. "పది" అంటోంది దారం, సత్యం గొంతుతో. రూతు కాగితం విప్పి అంకె చూసి తల తిప్పేసుకుంది.

"గుమాస్తా పొరపాటండీ" అన్నాడు కామరాజు. అప్పటికప్పుడు వెండి తెప్పించేడు. చిట్టెమ్మ యాభై రూపాయలూ ఒక్కొక్కటే రాయి మీద మోగించి, మంగాయమ్మ ఒళ్ళో పోసింది. కాగితంనుంచి దారం ఊడదీసి సత్యం అరచేతిలో పెట్టింది.

"ఇది నువ్వే ఉంచుకో."

ఆ సాయంత్రమే కామరాజు అతన్ని పనిలోంచి తీసేసేడు. వచ్చే సంతకి కొత్తపేటలో చూపులేని వాళ్ళు తమ కాగితాల దారాలు తెంపి పారేసేరు. ఏ ముడిని నమ్మాలో ఎవరికి తెలుసు? మళ్ళీ కాగితాన్ని వాసన చూసుకుంటూ, పక్కవాణ్ణి బతిమాలుకుంటూ బతికేరు. ఒక మనిషి రెండేళ్ళు కష్టపడి కట్టిన మంచి పని ఒక్క ఉదయంలో పోయింది. ఆ "పది" తన నోరు అందో, తన మనసే అందో సత్యం ఎన్నడూ తేల్చుకోలేకపోయేడు. మనసే అని ఉంటే, అడిగినప్పుడు యాభై అన్నది మరి ఎవరు?

నెల తిరిగేక అతను చిట్టెమ్మ పాక ముందు నిలబడ్డాడు. ఆమె అడుగుల చప్పుడు పోల్చుకుంది.

"తాడు పేనే రాట్నం తిప్పడానికి మనిషి కావాలి. కూలి అణా. మాట్లాడకూడదు."

పదమూడేళ్ళు తిప్పేడు. పాకలో ఏటిగాలి తప్ప చప్పుడు లేదు. ఆ తాళ్ళలో ఏ మాటా లేదని ఓడలవాళ్ళు ఎగబడి కొనేవారు. చిట్టెమ్మ జుట్టు తెల్లబడింది, సత్యం వెన్ను వంగింది.

ఒకరోజు బేరగాడొకడు కాగితం ఇచ్చి వెళ్ళేడు. చిట్టెమ్మ పురి మీద ఒక చెయ్యి ఉంచి, రెండో చేత్తో కాగితం అతని వైపు చాచింది. పదమూడేళ్ళలో ఎన్నడూ అలా చాచలేదు.

"ఎంత?"

సత్యం రాట్నం తిప్పుతూనే వంగి అంకె చూసేడు. "ఇరవై, అత్తయ్యా."

ఆమె తల ఊపింది. కాగితం మడిచి కొంగున ముడేసుకుంది. "రూతునీ ఒక మాట అడుగుతాను" అంది.

"అడగండి" అన్నాడు సత్యం, రాట్నం ఆపకుండా. "అడగాలి."

ఆ వారం తాడు కొన్న పడవవాడు కాసేపు చేత్తో పట్టుకుని, "అడగండి, అడగాలి" అనే గొంతు విన్నాడు. తాడులో మాట ఉందని చెప్పలేదు, ధర తగ్గించమనీ అడగలేదు. భుజాన వేసుకుని గట్టు దిగిపోయేడు.