సైరన్ కోసం కోసిన పాట

నన్ను కన్న మా అవ్వ దెబోరాకు ఎనభై ఆరేళ్లు. మూడు రోజులుగా ఆమెకు అన్నం మీద ధ్యాస లేదు, నన్ను ఒక్కచోట కూర్చోనివ్వదు. ఇల్లంతా కర్ర టకటకలే. "దొరికిందా ఆరాధనా? నేను ఊకెనే మనిషిని అబద్ధాలకోరును చేసిన్నా? గది తెల్వకుండనే పోతనా?" అని ఒకటే పోరు. ఫోనులో పాత సినిమా వెతికీ వెతికీ నా కళ్లు పీక్కుపోయాయి.

దీనికంతటికీ కారణం సదానందం కాక. ఒకప్పుడు బెల్లంపల్లి టాకీసులో రీళ్లు తిప్పిన మనిషి. అవ్వను పలకరించడానికి వచ్చి, చాయ తాగుతూ మాటల మధ్యలో అనేశాడు.

"రాత్రి డ్యూటీకి బొగ్గుబాయి సైరన్ మోగకముందే ఆట విడవాలె గద వదినా. కథకు పని లేని పాటలు కోసేటోళ్లం. గా దొరల డ్యాన్సు పాట గూడ గట్లనే పోయింది."

మా బాపు యెషయా చర్చిలో ఫిడేలు వాయించేవాడు. పెళ్లయిన ఏడాదే మద్రాసు పోయి, ఒక సినిమాలో వాల్ట్జ్ అనే ఆ దొరల నాట్యానికి ముప్పై మంది వాద్యగాళ్లతో కలిసి కూర్చున్నాడట. "కెమెరా దిక్కు చూడొద్దన్నరు. నీకోసం ఒక్కసారి చూసిన" అని అవ్వకు చెప్పి మురిసిపోయాడు. సినిమా ఊళ్లోకి రాగానే చర్చి మొత్తాన్ని వెంటేసుకుని వెళ్లాడు. పాట రానే లేదు. అందరూ నవ్వారు. అవ్వకు తల కొట్టేసినట్టయి, వాళ్ల ముందే "అబద్ధాలకు గూడ అంతుండాలె" అంది. తనను సినిమాలోంచే తీసేశారనుకున్నాడు పాపం. చచ్చేదాకా మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఇందుకు అవ్వ మీద నాకు ఇప్పటికీ కోపమే.

నాలుగో రోజు పొద్దున దొరికింది. తెల్లకోట్ల వాద్యబృందం, ముందు గిరగిరా తిరిగే జంటలు. ఫిడేళ్ల మీది కమాన్లన్నీ ఒక్కసారే లేస్తున్నాయి, దిగుతున్నాయి. అందరి కళ్లూ ముందున్న కాగితాల మీదే. వెనక వరుసలో ఒక్క పడుచువాడు మాత్రం తలెత్తి సూటిగా మా వైపు చూశాడు. బాపే. అంతలో ఒక జంట అడ్డొచ్చింది.

"మళ్ల పెట్టు" అంది అవ్వ.

పెట్టాను. ఎన్నిసార్లు పెట్టానో లెక్కే లేదు. చివరికి నాకే విసుగొచ్చి, "ఇగ చాలు అవ్వా" అని ఆపబోయాను. అవ్వ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. కొంగు భుజం నిండా కప్పుకుని ఫోనుకు దగ్గరగా జరిగింది.

"వచ్చిన" అంది ఆయనతో. "జర ఆలస్యమైంది."