ఇద్దరికి ఒక గది

మూడో హోటల్లోని కుర్రాడు మర్యాదస్తుడే. బల్ల మీదికి వంగి, గొంతు తగ్గించి మాట్లాడాడు.

"మొహమాటపడకండి అంకుల్. ఈ వీధిలో మేం చూడనిది లేదు. ఎవర్నైనా తెచ్చుకోండి. అదనపు రుసుమంటూ ఒక్క బాత్ కూడా తీసుకోం. కాకపోతే వచ్చినవాళ్ళ గుర్తింపు కార్డు ఇక్కడ పెట్టాలి. వెళ్ళేటప్పుడు ఇచ్చేస్తాం. మొన్నొకడు నిద్రమాత్ర కలిపిచ్చి ఫోనూ వాచీ ఎత్తుకుపోయాడు."

"అతను అలాంటివాడు కాదు," అన్నాడు చరున్.

"అందరూ అదే అంటారంకుల్. కుర్రాడా?"

"అరవై దాటాయి."

కుర్రాడి పెదాల మీది నవ్వు ఎటు పోవాలో తెలియక అక్కడే ఆగిపోయింది. "రూలు రూలే కదా అంకుల్," అన్నాడు చివరికి, నిజంగానే నొచ్చుకుంటూ.

చరున్ రెండు చేతులూ జోడించి, నీలం సంచి భుజానికి తగిలించుకుని మళ్ళీ సురవోంగ్ వీధి ఎండలోకి వచ్చాడు.

పొట్టి మనిషి. మెడ కనిపించనంత బలిసిన భుజాలు. రాజధానికి ఉత్తరాన, రైలు దూరంలో ఉన్న పిత్సనులోక్‌లో ఐసు ఫ్యాక్టరీలో పని. పదహారేళ్ళప్పుడు దిమ్మలు లాగడానికి చేరాడు, ఇప్పుడు యాభై నాలుగు. ఉప్పునీటి తొట్టెల్లోంచి ఐసు దిమ్మల్ని కొక్కెంతో లాగి లాగి అరచేతులు తెల్లగా, పగుళ్ళుబారి చేప పొట్టలా తయారయ్యాయి. వేళ్ళ కొసలకు స్పర్శ పోయి చాలాకాలమైంది. జేబులో చెయ్యి పెడితే దొరికింది నాణెమో తాళంచెవో బయటికి తీసి చూసుకుంటే గాని తెలియదు. చొక్కా ఎన్నిసార్లు ఉతికినా అమ్మోనియా వాసన పూర్తిగా పోదు.

రైలు దిగిన దగ్గర్నుంచి తిరుగుతూనే ఉన్నాడు. ఎప్పుడూ దిగే హోటల్ చోట ఇవాళ రేకుల కంచె ఉంది. కంచె వెనక క్రేను. ఆ హోటల్లో కౌంటరు దగ్గర ఒక ముసలాయన ఉండేవాడు. పేపర్లోంచి తలెత్తకుండానే తాళంచెవి బల్ల మీద జరిపేవాడు. తలెత్తకపోవడమే ఆయన చేసే మర్యాద. ఆయన పేరేమిటో చరున్ ఎన్నడూ అడగలేదు. కంచె ముందు నిలబడ్డప్పుడు, అడిగి ఉండాల్సిందనిపించింది.

పొద్దున మొదటి హోటల్లో లిఫ్టు పక్కన బోర్డు ఉంది. దురియన్ పండు బొమ్మ మీద ఎర్రగీత, సిగరెట్టు బొమ్మ మీద ఎర్రగీత, దాని కింద ఇద్దరు మనుషుల బొమ్మ, అతిథికి వేరే రుసుమని రాత. ఆ బోర్డు చదివి వెనక్కి తిరిగాడు. రెండోచోట మనుషులే లేరు. గోడలోని యంత్రం ముందు నిలబడి మొహం చూపించమంది. ఒక మొహానికి ఒక తాళమట.

కార్డు సంగతి తేలకుండా గది తీసుకోవడానికి లేదు. ఒకసారి ఆ పాత హోటల్లో గదులు నిండిపోతే, తనూ, ఈ సాయంత్రం రావాల్సిన ప్రయూనూ వేరేచోట దిగారు. గేటు దగ్గరి కాపలావాడు ప్రయూన్‌ని ఆపి, ఎవరని అడిగాడు. చరున్ తొందరపడి "మా అన్నయ్య" అన్నాడు. కాపలావాడు ఇద్దరి కార్డులూ పక్కపక్కన పెట్టి చూశాడు. ఇంటిపేర్లు వేరు, ఊళ్ళు వేరు. "అన్నదమ్ములట! అమ్మ వేరు, నాన్నా వేరు కాబోలు!" అని లాబీలో ఉన్నవాళ్ళందరికీ వినపడేలా నవ్వాడు. ప్రయూన్ కార్డు తీసి జేబులో పెట్టుకుని, మోకాలు ఈడ్చుకుంటూ వెళ్ళిపోయాడు. ఆ రాత్రి ఫోన్లో ఒక్కటే మాట అన్నాడు: "ఇంకెప్పుడూ నా కార్డు ఎవరి చేతిలోనూ పెట్టను."

ఆ ప్రయూనే పోయిన వారం ఫోన్ చేసి, "ఒక మాట చెప్పాలి. ఎదురుగానే చెప్పాలి," అన్నాడు. అప్పట్నుంచి చరున్‌కి నిద్ర సరిగా లేదు. ఫ్యాక్టరీలో కొక్కెం రెండుసార్లు జారింది. రోగమేదో వచ్చి ఉంటుంది. లేదా అతని మేనల్లుడికి తమ విషయం తెలిసిపోయి ఉంటుంది. రోడ్డు పక్క బండి దగ్గర పందికాలు కూరతో అన్నం కొని కూర్చున్నాడు. నాలుగు ముద్దలు తిని లేచాడు. పక్క వీధి సీలోం దాకా నడిచాడు. ఎందుకు నడిచాడో తెలియక వెనక్కి వచ్చాడు.

వెనక సందులో, లాండ్రీ దుకాణం పైన "గదులు" అని మాత్రం రాసిన బోర్డు కనిపించింది. కింద ఇస్త్రీ ఆవిరి మధ్య ఒక లావుపాటి చైనీయుల ఆవిడ ఉప్పులో ఊరిన గుడ్డుతో అన్నం తింటోంది. పక్కనున్న పనిమనిషి ఆవిడని ముయ్ అక్క అని పిలుస్తోంది.

"ఒక్కడివా, ఇద్దరా?" అంది ముయ్ అక్క నోట్లో ముద్దతోనే.

"ఒక్కణ్ణే అక్కా. సాయంత్రం మా అన్నయ్య వస్తాడు. కార్డు తేవడం మర్చిపోతాడేమో..."

"ఇంకా రాని మనిషి ఇప్పుడే ఎలా మర్చిపోతాడయ్యా?"

చరున్ చెవులు ఎర్రబడ్డాయి.

"తాగి గోల చేస్తాడా?"

"లేదక్కా."

"పక్క మీద సిగరెట్టు కాలుస్తాడా?"

"అలవాటు లేదు."

"మరి నాకెందుకు కార్డు? నేనేమన్నా పెళ్ళిసంబంధం చూస్తున్నానా?" అని చెంచా గిన్నెలో పడేసి లేచింది. "రా, గది చూద్దువుగాని."

మెట్లు నిటారుగా ఉన్నాయి. చరున్ సంచి కింద పెట్టి, కమ్మీ పట్టుకుని, కుడికాలు వంచకుండా ఎక్కడం మొదలుపెట్టాడు. ప్రతి మెట్టు మీదా రెండు పాదాలూ ఆనించి, ఆగి, మళ్ళీ పైమెట్టు. ముయ్ అక్క కిందినుంచి చూస్తూ నిలబడింది.

"కాలు నొప్పా?"

"నాక్కాదు."

ఆవిడ ఇంకేమీ అడక్కుండా వెనకే ఎక్కింది. మలుపు దగ్గర ఆగి, "కమ్మీ ఇక్కడ కాస్త వదులు. గోడవైపు పట్టుకోమను," అని మాత్రం అంది.

గది చిన్నది. కిటికీలోంచి చూస్తే ఆరేసిన దుప్పట్లు, వాటి వెనక బార్ల వెనకగోడలు. ఏసీ కింద ప్లాస్టిక్ డబ్బాలోకి నీళ్ళు బొట్లు బొట్లుగా పడుతున్నాయి. మంచం వెడల్పుగానే ఉంది. దిండు ఒక్కటే. చరున్ ఆ దిండు వంక చూస్తూ గొంతు సవరించుకున్నాడు.

"ఇంకోటి పంపిస్తాలే," అంది ముయ్ అక్క, వెళ్ళిపోతూ.

ప్రయూన్ పడవ దిగి, బస్సు మారి, ఎండ దిగుతుండగా వచ్చాడు. సన్నగా పొడుగ్గా ఉంటాడు. ఇస్త్రీ మడత చెదరని లేతరంగు చొక్కా, నిగనిగలాడేలా వెనక్కి దువ్విన జుట్టు. నది అవతల తోన్‌బురీలో, కాలిబాట మీద కుట్టుమిషన్ పెట్టుకుని పాంట్లు పొట్టి చేయడం, జిప్పులు మార్చడం అతని పని. అక్క ఇంట్లో, మేడమెట్ల కింది గదిలో ఉంటాడు. ఒకప్పుడు అతని మిషన్ ఈ సురవోంగ్ సందుల్లోనే ఉండేది. రైలు దిగిన చరున్ పాంటు అంచు చెప్పుకింద పడి చిరిగితే, కాళ్ళ దగ్గర కూర్చుని గుండుసూదులు గుచ్చింది ఇతనే.

మెట్లెక్కి గదిలోకి వచ్చి, కిటికీ చూశాడు, మంచం చూశాడు, రెండు దిళ్ళు చూశాడు.

"కింద ఎవరూ ఏమీ అడగలేదే?"

"అడగరు."

"ఎంత తిరిగావు?"

"ఎక్కడ తిరిగాను! దిగంగానే దొరికింది."

ప్రయూన్ అతని పాంటు వంక చూశాడు. మోకాళ్ళ దాకా దుమ్ము. "అంచు మళ్ళీ ఊడదీసుకున్నావు," అని ఊరుకున్నాడు.

"ఏదో చెప్పాలన్నావు."

"ముందు బయట కూర్చుందాం పద. గదిలో చెబితే గోడలకి అంటుకుంటుంది."

నాలుగో సందులో బార్లవాళ్ళు అప్పుడే కుర్చీలు బయటికి లాగుతున్నారు. రంగుల దీపాలు వెలిగాయి గాని ఆకాశంలో ఇంకా వెలుతురుంది కాబట్టి పాలిపోయినట్టున్నాయి. ఈ సందు బయట ఇద్దరు మగవాళ్ళు దగ్గరగా వంగి మాట్లాడుకుంటే తలలు తిరుగుతాయి. ఇక్కడ ఎవరికీ అంత తీరిక లేదు. అందుకే గది ఎక్కడ తీసుకున్నా ఈ సందుకి నడిచి వచ్చేంత దూరంలోనే తీసుకునేవారు. ఒక బీరు చెప్పి, ఇద్దరూ పంచుకుని, వచ్చేపోయే కుర్రాళ్ళ పాంట్ల కుట్టు బాగాలేదని ప్రయూన్ విమర్శిస్తుంటే చరున్ నవ్వుతూ కూర్చునేవాడు. వాళ్ళ కాపురమంతా అదే.

ఒక బారు గడప మీద సీసుదా నూడుల్స్ తింటోంది. రాత్రికి ఆ బార్లో పాడుతూ ఆడుతుంది. ఇప్పుడు మాత్రం లాగు బనియనులో ఉంది, ఒక కనుబొమ్మే గీసుకుంది.

"తాతయ్యలొచ్చారర్రా!" అని కేకేసింది. "మీరింకా విడిపోలేదా? ఈలోపల నాకు నలుగురు మొగుళ్ళు మారారు!"

"నీ వంట తిని పారిపోయుంటారు," అన్నాడు ప్రయూన్.

"వంటా? నూడుల్స్ కూడా కొనుక్కుని తింటున్నా కనపళ్ళేదూ!" అని నవ్వుతూ లోపలికి పోయింది.

బీరు వచ్చింది. చరున్ గ్లాసులోని ఐసుముక్కను పైకెత్తి చూశాడు. "మిషను ఐసు. మధ్యన బెజ్జం. గుక్క తాగేలోపు కరిగిపోతుంది."

"ఇక్కడికొచ్చినా ఫ్యాక్టరీయేనా?"

"చెప్పు మరి. పొద్దున్నుంచీ కాలు ఒకచోట నిలవట్లేదు నాకు. రోగమా?"

"రోగమైతే ఫోన్లోనే చెప్పేవాణ్ణి." ప్రయూన్ గ్లాసుని బల్ల మీద కాస్త పక్కకి జరిపాడు. "అక్క ఇల్లు అమ్మేసింది. కొడుకు దగ్గరికి రయోంగ్ పోతోంది. అక్కడ నాకు చోటు లేదు, నా మిషనుకి అసలే లేదు. దాన్నీ ఇచ్చేశా. నాన్‌లో, మా అమ్మ పుట్టిన ఊళ్ళో ఒక విహారముంది. పెద్ద భిక్షువు నా చిన్నప్పటి స్నేహితుడు. వానాకాలం వ్రతానికి ముందే వచ్చి కాషాయం కట్టుకోమన్నాడు. రేపు బయల్దేరుతున్నా."

"ఎన్నాళ్ళకి?" అన్నాడు చరున్.

"నా వయసులో గుండు గీయించుకున్నవాణ్ణి ఎన్నాళ్ళకని ఎవరూ అడగరు."

"నేను చూడ్డానికి రావచ్చా?"

"ఎందుకు రాకూడదు? అన్నం పట్టుకురా. కాకపోతే నేను అరుగు మీద కూర్చుంటాను, నువ్వు కింద కూర్చోవాలి. నేల మీద తల ఆనించి మూడుసార్లు దండం పెట్టాలి."

"నీకా?"

"నాకే."

"నా కాళ్ళ దగ్గర కూర్చుని గుండుసూదులు గుచ్చినవాడివి నువ్వు!"

"అందుకే. ఇక నీ వంతు."

ఇద్దరూ నవ్వారు. చరున్ నవ్వు ముందు ఆగిపోయింది. సందులోకి జనం వస్తున్నారు. ఎవరో పాట పెట్టారు. అతను కుర్చీ వెనక్కి నెట్టి లేచాడు, మళ్ళీ కూర్చున్నాడు. బల్ల కింద ప్రయూన్ చెయ్యి పట్టుకున్నాడు. అంత గట్టిగా పట్టుకున్నాడని అతని వేళ్ళకు తెలియదు. ప్రయూన్ మొహంలో నొప్పి చూసి వదులు చేశాడు.

"వెళ్ళొద్దు. పిత్సనులోక్ వచ్చెయ్. ఫ్యాక్టరీ వెనక నా గదుంది. చిన్నదే. మా తమ్ముడివాళ్ళు పక్కనే ఉంటారు, అయితే ఏమిటి? ఏదో ఒకటి చెబుతాను."

"ఏం చెబుతావు?"

"మా అన్నయ్యవని చెబుతా," అన్నాడు చరున్.

ప్రయూన్ కోప్పడలేదు. గ్లాసులో కరిగిన ఐసునీళ్ళు తాగేసి, "మళ్ళీ అన్నయ్యనేనా?" అన్నాడు మెల్లగా. "నాకోసం గదులు వెతికి వెతికి నీ కాళ్ళు అరిగిపోయాయి. నేనూ అలిసిపోయా చరున్. ఎవరితో వచ్చావని అడక్కుండా పడుకోనిచ్చే చోటొకటి కావాలి. ఆ విహారంలో అడగరు," అన్నాడు.

"ఇక్కడా అడగలేదు," అన్నాడు చరున్. "ఇవాళ."

"అవును. ఇవాళ బాగుంది."

బీరు అయిపోయాక గదికి నడిచారు. మెట్ల మలుపు దగ్గర ప్రయూన్ గోడవైపు పట్టుకుని ఎక్కాడు. వెనక ఒక మెట్టు కింద, పడితే పట్టుకునేలా చేతులు కాస్త చాచి, చరున్ ఎక్కాడు. ఆ రాత్రి చరున్ నిద్రపోకూడదనుకున్నాడు. కానీ రైల్లో కూర్చుని వచ్చిన ఒళ్ళు, ఎండలో తిరిగిన ఒళ్ళు. ప్రయూన్ అరచెయ్యి తన వీపు మీద ఉండగానే నిద్ర పట్టేసింది.

మెలకువ వచ్చేసరికి దుప్పట్ల మధ్యనుంచి ఎండ గదిలోకి వచ్చింది. పక్కనున్న దిండు ఎవరూ తల పెట్టనట్టు సర్ది ఉంది. చరున్ చొక్కా గుండీలు అడ్డదిడ్డంగా పెట్టుకుంటూ మెట్లు దిగాడు.

ముయ్ అక్క నీళ్ళ చెంబుతో గడప తడుపుతోంది.

"మీ ఆయన పొద్దున్నే వెళ్ళిపోయాడయ్యా," అంది చూపు నేల మీదినుంచి తిప్పకుండానే. "నేను తలుపులు తీస్తుంటే దండం పెట్టాడు. నిన్ను లేపొద్దన్నాడు. బస్సు తప్పిపోతుందట."

మీ ఆయన. ఆ మాట ఇంతవరకు ఎవరూ అతనితో అనలేదు. 'మా అన్నయ్య' అని సర్దడానికి అలవాటుకొద్దీ అతని నోరు కదిలింది. లాండ్రీ ఆవిరిలోంచి పనిమనిషి ఇటే చూస్తోంది.

"అవునక్కా," అన్నాడు చరున్. "మా ఆయనకి బస్సులో కిటికీ పక్కన సీటు దొరకాలి. లేకపోతే మోకాలు పట్టేస్తుంది."

"దొరుకుతుందిలే. టీ తాగుతావా?"

తల అడ్డంగా ఊపి, సంచి కోసం మళ్ళీ పైకి వెళ్ళాడు. ఏసీ నీళ్ళ డబ్బా నిండిపోయి ఉంటే తీసుకెళ్ళి పారబోశాడు. మొహం కడుక్కోబోయి ఆగాడు. అద్దం కింది గట్టు మీద పచ్చమూత డబ్బా ఒకటుంది. ప్రయూన్ తలకు రాసుకునే మైనం. ఇక దానితో పనిలేదని వదిలేశాడో, మర్చిపోయాడో. చరున్ మూత తిప్పాడు. సగం వాడిన మైనంలో, నిన్న సాయంత్రం రాసుకున్నప్పటి వేలి గాడి, ఒకవైపు కాస్త లోతుగా, ఇంకా మెరుస్తూ ఉంది.